మా ఆవిడ ఎడమ కాలు

మా ఆవిడ ఎడమ కాలు గురించి ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. చెప్పింది నేనే. నాకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. రోజుకి పదిమందైనా వస్తారు. బండి నాకప్పగించాక వాళ్ళకి చెయ్యడానికి పనేమీ ఉండదు, బల్ల మీద కూర్చుని నా మొహం చూస్తుంటారు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. అంతకుముందు ఎండల గురించీ, రోడ్డు మీద గుంతల గురించీ మాట్లాడేవాణ్ణి. ఆ రెండు నెలలూ మాత్రం మా ఆవిడ ఎడమ కాలు గురించే మాట్లాడాను. గుంతల కంటే అదే జనానికి ఎక్కువ నచ్చింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. పూర్తిగా ఆగిపోయిన బండిని ఎవరైనా బాగుచేస్తారు. వారానికి రెండుసార్లు మొరాయించి, మెకానిక్ చెయ్యి పడగానే ఏమీ ఎరగనట్టు నడిచే బండితోనే అసలు తంటా. అలాంటివాటిని పట్టుకోవడంలో నాకు పేరుంది. పక్క షెడ్డువాళ్ళు చేతులెత్తేసిన బండ్లు నా దగ్గరికే వస్తాయి. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. ముందు ఇది తెలిస్తే తప్ప నేను చేసిన ఘనకార్యం మీకు సరిగ్గా అర్థం కాదు.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. పద్దెనిమిదేళ్ళు ఒకే వార్డులో వంతుల డ్యూటీ చేసింది. ఈ మధ్య ఆసుపత్రివాళ్ళు కొత్త ఉద్యోగం ఒకటి పెట్టారు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకే వెళ్ళి కట్లు మార్చాలి, ఇంజక్షన్లు ఇవ్వాలి. దానికో చిన్న వ్యాను ఇస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్తే నాలుగింటికి ఇంటికి రావచ్చు, నెత్తిన హెడ్ నర్సు ఉండదు. మా ఆవిడకే ఇస్తామన్నారు. షరతు ఒక్కటే, మూడు నెలల్లో డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. చూపించకపోతే వరసలో తర్వాత ఉన్నావిడకి పోతుంది, ఈవిడ మళ్ళీ వార్డుకే.

పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆమె పట్టుబట్టి అడిగిన కోరికలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "నాకు కారు నేర్పండి," అంది.

"దానిదేముంది, రెండు వారాల్లో నేర్పేస్తాను," అన్నాను.

మా కారు వయసు ఇరవై రెండేళ్ళు. బూడిద రంగుది. ఎవరో వదిలించుకుంటే నేను తెచ్చి, ఒక్కో భాగం విప్పి బిగించుకున్నది. దాని లోపల నా చెయ్యి పడని బోల్టు లేదు. రోజూ సాయంత్రం షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పాఠాలు మొదలుపెట్టాం. మా ఆవిడ ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. సీటు పూర్తిగా ముందుకి లాక్కుంటే తప్ప ఆమె పాదం క్లచ్ అడుక్కి అందదు. నేను ఆరడుగులు, పక్క సీట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చునేవాణ్ణి.

మూడో రోజే ఆమె చెప్పింది. "ఏమండీ, ఇంజన్ తుళ్ళుతోంది."

"క్లచ్ మెల్లిగా వదులు."

"మెల్లిగానే వదిలాను. అసలు వదలకముందే తుళ్ళింది. క్లచ్ గట్టిగా తొక్కినప్పుడే మొదలవుతోంది."

"క్లచ్ తొక్కితే ఇంజన్ ఎందుకు తుళ్ళుతుందే?"

"అది మీకు తెలియాలి. నేను నర్సుని."

అలా అంటుండగానే కారు రెండుసార్లు గుటకలు వేసి ఆగిపోయింది. దిగమన్నాను. నేనెక్కి, సీటు వెనక్కి తోసుకుని, స్థలం చుట్టూ మూడు చుట్లు తిప్పాను. ఎక్కడా చిన్న కుదుపు లేదు. ఆగి, కిటికీలోంచి ఆమె వైపు చూశాను. ఆ చూపు ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

"మీరు నడిపితే రావడం లేదు, నేను నడిపితేనే వస్తోంది. అదేమిటో చూడండి," అంది.

ఆమె ఆ మాట వైద్యుడి ముందు రోగం గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం తప్పు ఒప్పుకున్నట్టు వినిపించింది. "ఏముంది చూడ్డానికి? నీ ఎడమ కాలు," అన్నాను.

మర్నాడు బల్ల మీదున్నవాళ్ళకి ఈ సంగతి చెప్పాను. "మా కారుకి మా ఆవిడంటే భయం. ఆవిడ కాలు పెట్టగానే వణుకు పుడుతోంది," అన్నాను. ఒకాయన టీ పొలమారేదాకా నవ్వాడు. సాయంత్రం ఇంట్లో కూడా చెప్పాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత తర్వాత నవ్వడం మానేసింది, ఆ తేడా నేను పట్టించుకోలేదు.

మొదటి పరీక్ష రోజున చిన్న ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమన్నారు. కారు అక్కడే తుళ్ళి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ ఆగింది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టర్ కాగితం మీద "క్లచ్ మీద పట్టు లేదు" అని రాసి చేతికిచ్చాడు. దారిలో ఆమె ఆ కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇల్లు దగ్గరపడ్డాక, "ఒక్కసారి ఇంజన్ చూడరాదూ? నా తృప్తి కోసం," అంది.

చూశాను. చూడలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. నాలుగు ప్లగ్గులూ మార్చాను. ప్లగ్గు వైర్లు మార్చాను. ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే కాయిల్ తీసి, నాకు తెలిసి బాగున్న కాయిల్ ఇంకోటి వేశాను. పెట్రోలు ఫిల్టరు మార్చాను, గాలి వెళ్ళే దారంతా శుభ్రం చేశాను. ఏదన్నా మార్చినప్పుడల్లా బజారు చివరిదాకా తోలుకెళ్ళి వచ్చేవాణ్ణి. బండి నీళ్ళు తాగినంత సులువుగా నడిచేది. ఆమె ఎక్కేది, పది నిమిషాల్లో తుళ్ళేది. పక్కన కూర్చుని నా చెవులతో నేనే విన్నాను. కస్టమరు బండిలో అదే చప్పుడు వినుంటే కళ్ళు మూసుకుని "మిస్సింగ్" అని చెప్పేసేవాణ్ణి. నాలుగు సిలిండర్లలో ఒకటి మండడం లేదని దానర్థం. కానీ డ్రైవరు సీట్లో మా ఆవిడ ఉంది కాబట్టి "క్లచ్" అన్నాను.

చివరికి స్కానర్ తగిలించాను. ఇంజన్ లోపల ఏం జరిగిందో గుర్తుపెట్టుకుని చెప్పే యంత్రం అది. మూడో సిలిండరు మిస్సింగ్ అని చూపించింది. ఆ సమయానికి షెడ్డులో తీగల బాబాయి ఉన్నాడు. నా షెడ్డులోనే ఓ మూల కూర్చుని కార్లకి కరెంటు పని చేసే పెద్దాయన. ఆయన నాకు ఏ వరసకీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. తెర వైపు కళ్ళు చికిలించి చూశాడు.

"ఏరా, మూడోది ఒక్కటే అంటోందే?"

"మా ఆవిడ తోలుడు సంగతి తెలుసుగా బాబాయ్. ఆ కుదుపులకి అదేదో రాసుకుంది."

"కాలు తప్పయితే నాలుగూ తుళ్ళాలి కదరా. మీ ఆవిడ కాలికి మూడో సిలిండరు మీద పగేంటి?"

బల్ల మీదున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, స్కానర్‌లో ఆ అక్షరాలు చెరిపేశాను. బాబాయి అడిగింది జోకు కాదని నాకు తెలుసు. అదే ప్రశ్న నేనైతే వేరే ఏ బండి విషయంలోనైనా మొదటి నిమిషంలోనే అడిగేవాణ్ణి. మా ఇంటి బండి విషయంలో మాత్రం జవాబు ముందే దొరికేసింది కాబట్టి ప్రశ్నలతో పని లేకపోయింది.

రెండో పరీక్షలోనూ అదే ఎత్తు మీద అలాగే ఆగిపోయింది. ఈసారి ఆమె ఊరుకోలేదు. "అయ్యా, బండిలో ఏదో ఉంది, ఒక్కసారి మీరే నడిపి చూడండి," అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది. ఆయన మంచివాడే, ఎక్కాడు. ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని సీటు వెనక్కి తోసుకోవడం. మైదానమంతా ఓ చుట్టు తిరిగొచ్చి, "బండి భేషుగ్గా ఉందమ్మా. ఇంత పాత బండిని ఇంత బాగా ఉంచడం గొప్ప," అన్నాడు. ఆ మెప్పుకి నేను మురిసిపోయాను కూడా. ఆమె మాత్రం తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ నిలబడింది.

ఆ రోజు నుంచి ఇంజన్ మాట ఎత్తలేదు. నాకు హాయిగా అనిపించింది.

మూడో పరీక్ష గురువారం. గడువు శనివారంతో సరి. ఆ మంగళవారం పొద్దున్న, డ్యూటీకి వెళ్ళేముందు ఆమె ఖాళీ స్థలంలో ఒంటరిగా సాధన చేసుకుని, కారు తెచ్చి షెడ్డు గేటు ముందు పెట్టి వెళ్ళింది. పదకొండు గంటలప్పుడు ఇసుక లారీ ఒకటి సందులోకి వచ్చి ఇరుక్కుంది. కారు తీస్తే తప్ప కదలదు. డ్రైవరు హారను మీద చెయ్యి తీయడం లేదు. పరుగెత్తి తలుపు తీశాను. సీటు పూర్తిగా ముందుకుంది. వెనక్కి తోసుకునే ఓపిక లేదు, ఎంత, పది అడుగులు జరపాలంతే. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతుండగా, గడ్డం దానికి ఆనించి, ఎలాగో ఇరుక్కున్నాను.

క్లచ్ తొక్కాను. ఇంజన్ తుళ్ళింది. గేరు వేసి కదిలించబోతే రెండు గుటకలు వేసి ఆగిపోయింది.

మళ్ళీ స్టార్టు చేశాను. మళ్ళీ ఆగింది. మూడోసారి కూడా.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, క్లచ్ మెల్లిగా వదలాలి," అన్నాడు.

బల్ల మీద నలుగురున్నారు. ఒక్కడు కూడా నవ్వలేదు, మెకానిక్‌ని చూసి నవ్వే ధైర్యం ఎవరికుంది? నాకు మాత్రం తల తీసేసినట్టయింది. దిగి, సీటు వెనక్కి లాగి, మళ్ళీ కూర్చున్నాను. బండి కిక్కురుమనకుండా నడిచింది. గేటు పక్కన పెట్టి, లారీని పంపించి, మళ్ళీ కారెక్కాను. సీటు ముందుకి జరిపాను. క్లచ్ తొక్కాను. తుళ్ళింది. వెనక్కి జరిపాను. మామూలైపోయింది. ముందుకి. తుళ్ళింది. ఇలా ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు. ఒక దశలో నేను వెతుకుతున్నది కారణం కాదు, అది కారణం కాకుండా పోయే దారి.

ఈ రకం కారులో ఇంజన్‌కి మెదడు లాంటి పెట్టె డ్రైవరు సీటు కింద ఉంటుంది. అందులోంచి తీగల కట్ట ఒకటి కార్పెట్ కింద నుంచి ముందుకి వెళ్తుంది. నేల మీద పడుకుని, టార్చి పట్టుకుని చూశాను. సీటు చిట్టచివరి గాడి వరకూ ముందుకి వచ్చినప్పుడు దాని వెనక కాలు సరిగ్గా ఆ కట్ట మీద కూర్చుంటోంది. క్లచ్ అడుగుదాకా తొక్కాలంటే వీపు సీటుకి ఆనించి తన్నిపెట్టాలి, అప్పుడు సీటు ఇంకాస్త నొక్కుతోంది. ఒక తీగ పైతొడుగు రాసుకుపోయి, లోపలి పోగులు తెగి రెండో మూడో మిగిలాయి. నొక్కినప్పుడు తెగుతాయి, వదిలితే కలుస్తాయి. ఆ తీగ ఎక్కడికి వెళ్తుందో వెతకాల్సిన పని కూడా లేదు. మూడో సిలిండరుకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరుది.

తీగల బాబాయి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చూశాడు. "ఆ కట్టని పక్కకి పట్టి ఉంచడానికి ఓ క్లిప్పుండాలిరా ఇక్కడ," అన్నాడు.

నేను టార్చి ఆ మూల వైపు తిప్పాను.

"పోయిన వానలకి లోపల తడిసిందని సీటు విప్పి కార్పెట్ ఆరేశావు చూడు, అప్పుడు పోయిందేమో?"

పోలేదు. విరిగింది. తర్వాత కొత్తది పెడదామని నేనే వదిలేశాను. ఆ సంగతి ఆ క్షణందాకా నాకు నిజంగా గుర్తులేదు. తీగ మార్చి, పైన గొట్టం తొడిగి, కొత్త క్లిప్పు బిగించడానికి పావుగంట పట్టింది. రెండు నెలలుగా ఆమె మెడకి చుట్టిన నింద పావుగంట పని.

"సాయంత్రం చెప్పేస్తాను బాబాయ్," అన్నాను.

"నిన్ను చెప్పమన్నానా?" అన్నాడు. ఆయన అడక్కుండానే చెప్పడంలోనే నా గుట్టంతా బయటపడింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ వంటగదిలో కుర్చీ మీద కూర్చుని ఉంది. ఎడమ పాదం కింద రబ్బరు చెప్పులు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకుంది. మడమ నేలకి ఆనించి, పాదాన్ని వెంట్రుకవాసి చొప్పున పైకెత్తుతూ లెక్కపెడుతోంది. నూట అరవై ఒకటి, నూట అరవై రెండు. మోకాలికి వేడినీళ్ళ సంచి కట్టుకుంది.

"ఏమిటిది?" అన్నాను.

"రోజుకి మూడొందలు చేస్తున్నాను. కాలు మాట వినడం కోసం," అంది లెక్క ఆపకుండా. "నిన్నటి నుంచి మోకాలు వాచింది. గురువారానికి తగ్గుతుందిలెండి."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇప్పుడు చెప్తే మనసు చెదిరిపోతుంది, పరీక్ష అయ్యాక చెప్దాం అనుకున్నాను. పిరికితనం ఎప్పుడూ ఎదుటివాళ్ళ మంచి కోరే మాటలతోనే వస్తుంది, నాకు అలాగే వచ్చింది. "పడుకో, రేపు చేద్దువుగాని," అని గదిలోకి వెళ్ళిపోయాను.

గురువారం ఆమె ఎత్తు మీద ఆపింది. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. కారు దారం లాగినట్టు మెల్లగా కదిలి పైకెక్కి పోయింది. ఇన్‌స్పెక్టర్ దిగి ఆమెకి కాదు, నాకు చెయ్యి కలిపాడు. "బాగా నేర్పారండీ," అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చింది. బిస్కెట్ల డబ్బా తెచ్చింది. బల్ల మీదున్నవాళ్ళందరికీ పంచింది. మొహం వెలిగిపోతోంది. అందరి ముందూ, "ఆయన మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు. బండిలో లోపముందని రెండు నెలలు ఆయన్ని కాల్చుకు తిన్నాను. తప్పంతా నా కాలిదే," అంది.

బల్ల మీదున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. తీగల బాబాయి బిస్కెట్టు చేత్తో పట్టుకుని, తినకుండా, నా వైపే చూశాడు. నేను వంగి, అప్పటికే బిగించి ఉన్న నట్టుని ఇంకోసారి బిగించాను.

సోమవారం కొత్త ఉద్యోగంలో చేరింది. మొదటి వారం ఇంటికి వచ్చి ఎన్ని కబుర్లు చెప్పేదో. ఏ ఇంట్లో ముసలాయన ఇంజక్షన్ చూసి దుప్పటి ముసుగేశాడో, ఏ మేడ మెట్లు ఎన్నో, అన్నీ చెప్పేది. చెప్దాం, చెప్దాం అనుకుంటూనే ఉన్నాను. ఇంత సంతోషంగా ఉంది, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆ తర్వాత ఆమె కబుర్లు తగ్గాయి. రాగానే కుర్చీలో కూర్చుని మళ్ళీ చెప్పులు పేర్చుకునేది. అలవాటేమో అనుకున్నాను.

పరీక్ష అయిన మూడు వారాలకి, ఓ గురువారం, ఆసుపత్రి వ్యాను నా షెడ్డుకి వచ్చింది. తోలుకొచ్చినవాడు మా ఆవిడ వారపు సెలవు రోజున ఆ బండి నడిపే కుర్ర నర్సు. తాళంచెవి నా చేతిలో పడేసి, "మిస్సింగ్ వస్తోందండీ. పొద్దున్న ఎక్కగానే పట్టేశాను. ఇంజన్ చూడండి," అన్నాడు.

వాడు ఆ బండి ఎక్కి మూడు గంటలే అయింది. ఇంజన్ చూడమని ఎంత ధీమాగా చెప్పాడో.

స్కానర్ పెట్టాను. ఒక కాయిల్ పగిలింది, పదినిమిషాల పని. కానీ ఆ యంత్రం తారీఖులు కూడా చూపించింది. లోపం మొదలై ఆరు రోజులయింది. ఆ ఆరు రోజులూ నడిపింది మా ఆవిడ.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?" అని అడిగాను.

"లేదండీ. అక్కయ్యగారు ఏమీ రాయలేదు పుస్తకంలో. పాపం, మొన్న కూడలి మధ్యలో ఆగిపోతే వెనక బస్సువాడు నానా మాటలూ అన్నాడట, ఈవిడే దిగి చేతులు జోడించిందట. రెండు ఇళ్ళకి ఆలస్యంగా వెళ్ళిందని ఆఫీసులో సంజాయిషీ కూడా అడిగారు. ఇంకోసారయితే మళ్ళీ వార్డుకి పంపిస్తామన్నారు. మీకు చెప్పలేదా?"

నాకు చెప్పలేదు. కాయిల్ మార్చకుండానే షెడ్డు బాబాయికి వదిలేసి ఇంటికి నడిచాను. ఆ కాస్త దూరంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. "వ్యానులో కాయిల్ పగిలింది. ఆరు రోజులుగా తుళ్ళుతోంది. ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "కాయిలా? నిజంగా బండిలోనే ఉందా?" అంది. "నా కాలే మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాను."

ఇక దాచడం నావల్ల కాలేదు. నిలబడే చెప్పాను. సీటు, తీగ, మూడో సిలిండరు, నేను పెట్టని క్లిప్పు, లారీవాడి ముందు నేను మూడుసార్లు ఆపేసిన సంగతి, అన్నీ. ఆమె దుప్పటి మంచం మీద పెట్టి వింది. క్లిప్పు దగ్గర నవ్వొచ్చినట్టుంది, పెదవి కాస్త కదిలింది. అమ్మయ్య అనుకున్నాను.

"ఎప్పుడు దొరికింది?" అంది.

"పరీక్షకి రెండు రోజుల ముందు."

ఆ పెదవి బిగుసుకుపోయింది. మనసులో ఏదో లెక్కపెట్టుకుంది.

"తీగ మీకు కనబడలేదు, సరే. నన్ను నమ్మలేదు, అదీ సరే, మగవాళ్ళు నమ్మరు. ఈ ఇరవై మూడు రోజుల సంగతేంటి? నేను కూడలిలో బస్సువాడికి దణ్ణం పెట్టిన రోజు మీకు తెలుసు, నా కాలు బాగుందని. మీ ఒక్కరికే తెలుసు."

"తప్పయిపోయింది," అన్నాను. నిజంగానే అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకెందుకు చెప్తారు? నాకిప్పుడు తెలిసిందిగా," అంది. "కాలు గురించి ఎవరెవరికి చెప్పారో వాళ్ళకి చెప్పండి."

ఇది సులువనుకున్నాను. నోరున్నవాణ్ణి, కథలు చెప్పడం చేతనైనవాణ్ణి. మర్నాడు పొద్దున్నే బల్ల మీదున్నవాళ్ళకి మొదలుపెట్టాను. మా ఆవిడ కాలికి ఏ లోపమూ లేదు, తప్పు కారుది, ఆ తప్పు చేసింది నేను అని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. పొలమారేదాకా నవ్విన ఆయన లేచి వచ్చి నా భుజం తట్టాడు.

"మొగుడంటే నువ్వయ్యా. పెళ్ళాం పరువు కోసం ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు కూడా పణం పెడుతున్నావు."

"అది కాదండీ, నిజంగానే తీగ..."

"అర్థమైందిలే," అని కన్ను గీటాడు.

బాబాయిని సాక్ష్యం పిలిచాను. "వాడు చెప్పేది అక్షరాలా నిజం," అన్నాడాయన. "మీ బాబాయి కూడా మీ ఆవిడ పక్షమే," అని అందరూ నవ్వారు. టీకొట్టాయనకి చెప్తే, మా ఇంట్లో కూడా ఇలాగే సర్దుకుపోవాలండీ అన్నాడు. మా అక్కకి ఫోన్ చేస్తే, "మరీ అంత వెనకేసుకు రాకురా, నెత్తికెక్కుతుంది," అంది. ఆ ఇసుక లారీవాడు దారిలో కనబడితే ఆపి మరీ చెప్పాను, కనీసం వాడు కళ్ళతో చూశాడు కదా అని. "నాకెందుకన్నా దాచడం, ఆ రోజు చూశానుగా. క్లచ్ ఇద్దరికీ రాదు," అన్నాడు. చివరికి ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "నేను స్వయంగా నడిపాను కదండీ ఆ బండిని," అని ఓదార్చి పంపాడు.

ఒక్క ఆసుపత్రివాళ్ళు మాత్రం నమ్మారు. నేను రాసిచ్చిన కాగితంలో పగిలిన కాయిల్, తారీఖులు ఉన్నాయి కాబట్టి నమ్మారు. సంజాయిషీ కొట్టేశారు. ఆమె ఉద్యోగం నిలబడింది. మా కారు తీగకి అలాంటి కాగితం లేదు, స్కానర్‌లో ఉన్న ఆ నాలుగు అక్షరాలూ ఆ రోజు నేనే చెరిపేశాను.

సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చి నీరసంగా కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ వ్యాను తాళంచెవి మేకుకి తగిలించి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"చెప్పారా?" అంది.

"చెప్పాను. నలుగురికి కాదు, నలభై మందికి చెప్పాను. నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. సీటు ముందుకి జరిపి చూపిస్తానన్నాను. ఒక్కడూ నమ్మడం లేదు. నేనేదో నిన్ను వెనకేసుకొస్తున్నానంటున్నారు. జరిగింది జరిగినట్టు చెప్తుంటే ఎదుటివాడు జాలిగా నవ్వి భుజం తడుతున్నాడు చూడు, అంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకోటి లేదే!"

"ఎన్ని రోజుల నుంచి చెప్తున్నారు?"

"నాలుగు రోజులు."

"నేను రెండు నెలలు చెప్పాను," అంది.